ఫ్రిజ్ మీద వలయం

నిన్న పొద్దున టీ తాగుతూ మెయిల్ తెరిచాను. ముక్కూ మొహం తెలియని ఒకాయన కృతజ్ఞతలు చెబుతూ రాశాడు. మేం తయారు చేసిన టైమర్ యాప్‌ని వాళ్ళింట్లో ఈమధ్య వాడుతున్నారట. వాళ్ళ నాన్నగారు గదిలో కూర్చుని ఏదో రాసుకుంటూ ఉంటారట. "ఇదివరకు ఎవరో ఒకరం ఊరికే లోపలికి వెళ్ళి పలకరిస్తూ ఉండేవాళ్ళం. మీ యాప్ పుణ్యమా అని ఇప్పుడు ఆయన్ని ఎవ్వరూ పిలవడం లేదు" అని రాసి, కింద దండం పెడుతున్న బొమ్మ పెట్టాడు.

టీ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. మనం చేసిన పనిని మెచ్చుకుంటే ఎవరికైనా సంతోషమే. నేను మాత్రం గ్లాసు పక్కన పెట్టేశాను. ఒక్కసారి లోపలికి వెళ్ళి మీ నాన్నగారిని చూసి రండి, ఇప్పుడే వెళ్ళండి అని జవాబు కొట్టి పంపేశాను. పంపాక గానీ అది ఎంత పిచ్చిగా ఉందో తెలియలేదు. కాసేపటికి ఆయన రాశాడు. నాన్నగారు బాగానే ఉన్నారండీ, టిఫిన్ తింటున్నారు, ఎందుకలా అడిగారు అని.

ఎందుకడిగానో చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

సొంత అన్నేం కాదు. నేను అల్వాల్ పిల్లని. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డ మనిషి. ఇద్దరం ఒకే కంపెనీలో పని చేశాం. ఆయన యాప్‌లలో కనబడే తెరలు డిజైన్ చేస్తే నేను కోడ్ రాసేదాన్ని. తర్వాత ఆ కంపెనీ వదిలేసి, ఆయన ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని ఈ యాప్ చేశాం. ఆ గదిలోనే, ఆ యాప్ నడుస్తుండగానే, పక్కన హాల్లో మనుషులు ఉండగానే, ఎవరికీ తెలియకుండా ఆయన పోయారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. రాసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన్ని తలుచుకోగానే ముందు ఆయన బొటనవేలు గుర్తొస్తుంది. లావుపాటి వేలు, గోరు ఎప్పుడూ పొట్టిగా కొరికేసి ఉండేది. తెర మీద నేను ఏది పెట్టినా ఆయన దగ్గరికొచ్చి దాని మీద ఆ వేలు పెట్టి మూసేసేవారు. మూసేసి, మెడ పక్కకి వంచి అడిగేవారు.

"ఇప్పుడేటి తక్కువైంది?"

జవాబు చెప్పగలిగితే అది ఉంటుంది. చెప్పలేకపోతే పోతుంది. ఆయనకి తెలిసిన డిజైన్ విద్య మొత్తం ఇదే అనిపించేది. కంపెనీలో ఉన్నప్పుడు పండగ ఆఫర్ల తెర ఒకటి, ఎర్రరంగులో మినుకు మినుకుమనేది, దాని మీదా ఇలాగే వేలు పెట్టి మేనేజర్‌ని అడిగారు. మేనేజర్ ఆయన మొహం చూసి "మన జీతాలు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చేశారు. ఆయన వెనకాలే నేనూ బయటికొచ్చాను. ఇంట్లో వాళ్ళు నాకు మతి పోయిందన్నారు.

రోడ్డు మీద కూడా ఆ వేలు ఊరుకునేది కాదు. క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్ పడితే చాలు, ఒక కన్ను మూసి, చెయ్యి చాపి, ఎదురుగా ఉన్న నగల షాపు హోర్డింగు మీద వేలు పెట్టేవారు. ఆకాశం వచ్చింది చూడు పాపా అనేవారు. వెనకాల హారన్లు మోగుతుంటే బండి ముందుకి తీసేది నేనే.

ఇంకో అలవాటు, చేతిలో ఏదీ నిలవకపోవడం. టీ తాగి గ్లాసుని సరిగ్గా బల్ల అంచు మీద పెట్టేవారు. మాట్లాడుతూ చెయ్యి ఊపేవారు. అది పడేది. వదిన, అంటే ఆయన భార్య, పెళ్ళైన కొత్తలోనే గాజు సామానంతా అటకెక్కించేసిందట. సొట్ట పడని స్టీలు గ్లాసు ఆ ఇంట్లో ఒక్కటి కనబడదు. వదిన హాల్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. గదిలో ఠంగుమని చప్పుడు వినబడితే కుట్టు ఆపకుండానే "గుడ్డ తలుపు వెనకాలే ఉంది" అని కేకేసేది. ఏం పడింది, ఎందుకు పడింది అని అడగడం ఎప్పుడో మానేసింది.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి చెప్పాలి. స్టేషన్ నుంచి ఆటో ఎక్కితే అట్టే దూరం లేదు. అందుకని ఉత్తరాంధ్ర నుంచి సికింద్రాబాద్‌లో రైలు దిగే ప్రతి బంధువూ ముందు అక్కడికే వచ్చేవాడు. ఆసుపత్రి పనికొచ్చిన వాళ్ళు, పరీక్ష రాయడానికొచ్చిన వాళ్ళు, సాయంత్రం రైలుకి తిరిగి వెళ్ళేవాళ్ళు. హాల్లో ఎప్పుడూ ఎవరివో సంచులు ఉండేవి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఏదో శుభకార్యం అనుకున్నాను.

ఆ ఇంట్లో పగటిపూట తలుపు వేసుకునే అలవాటు లేదు. ఎవరైనా వేసుకున్నారంటే దానికి ఒకటే అర్థం, ఒంట్లో బాగోలేదని. మేం గదిలో తలుపు దగ్గరికి వేసుకుని పని మొదలుపెట్టామో లేదో, ఆయన చిన్నమ్మ తోసుకుని వచ్చేసేది. ఆవిడ ఆయన తల్లికి చెల్లెలు. కంటి వైద్యానికని వచ్చి నెలల తరబడి ఉండేది.

"ఒంట్లో బాగోలేదేటి నాయనా?"

బాగానే ఉంది చిన్నమ్మా, పని చేసుకుంటున్నాను అనేవారు ఆయన. మరి తలుపెందుకేసుకున్నావు అనేది ఆవిడ. పని కోసమని ఈయన. పనికి తలుపెందుకని ఆవిడ. ఎన్ని చెప్పినా, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి గానీ వెళ్ళేది కాదు. పోనీ అది రోజుకోసారా అంటే, తలుపు మూసినప్పుడల్లా. నేను తల వంచుకుని నవ్వు ఆపుకునేదాన్ని. ఆవిడ వెళ్ళాక ఆయన రాసేది మరిచిపోయి, పెన్ను పట్టుకుని గోడ చూస్తూ కూర్చునేవారు. పైగా అసలు సంగతేమిటంటే, ఎవరూ రాకపోయినా ఆయనకి పని సాగేది కాదు. కింద కూరగాయల బండివాడు అరిస్తే కిటికీ దగ్గరికి వెళ్ళి, వాడి కూతురి చదువు ఎంతదాకా వచ్చిందో కనుక్కుని వచ్చేవారు. పిలిస్తే పలకకుండా ఉండడం ఆయనకి చేతకాదు. అందుకే పిలవకుండా ఉండేలా ఏదైనా చెయ్యాలనుకున్నారు.

ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మేం అప్పటికి మార్కెట్లో ఉన్న టైమర్ యాప్‌లన్నీ ముందేసుకుని చూస్తున్నాం. ఆయన ఉన్నట్టుండి అన్నీ మూసేశారు.

"ఇవన్నీ పని చేసేవాడికి చెప్తన్నాయి పాపా. వాడు పనిలో ఉన్నాడని వాడికి తెలుసు కదేటి? తెలియంది బయటున్నోళ్ళకి. మన టైమరు వాళ్ళ కోసం."

అలా పుట్టింది మా యాప్. పేరు 'గడప' అని పెట్టాం. తలుపు వేసుకోలేని ఇళ్ళకి అదైనా ఉండాలని ఆయన అన్నారు. లోపల పని చేసే మనిషి తన ఫోన్లో వేలితో ఒక వలయం గీస్తాడు. పెద్ద వలయం గీస్తే ఎక్కువసేపు, చిన్నది గీస్తే కొంచెంసేపు. అదే వలయం హాల్లో పెట్టిన ఇంకో పాత ఫోన్లోనూ కనబడుతుంది. గంజి పెట్టిన బట్ట రంగు తెర మీద బూడిదరంగు గీత, మెల్లగా తరుగుతూ ఉంటుంది. అది ఉన్నంతసేపు లోపలి మనిషిని పలకరించకూడదు. అంతే యాప్.

అంతే అనడానికి మేం ఎన్ని తీసేశామో ఎవరికీ తెలియదు. ముందు అంకెలు పోయాయి. నిమిషాలు కనబడితే మనిషి నిమిషాలే చూస్తాడన్నారు. తర్వాత రంగులు పోయాయి. రోజూ ఎంతసేపు పనిలో కూర్చున్నామో చూపించే పేజీ ఒకటి నేను ముచ్చటపడి చేశాను. దాని మీద బొటనవేలు పడింది. ఇప్పుడేటి తక్కువైంది? నా దగ్గర జవాబు లేదు, పేజీ పోయింది. వలయం పూర్తయ్యాక మోగే చిన్న గంట దగ్గర మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను.

"గంట లేకుంటె అయిపోయిందని ఎట్ల తెలుస్తదన్నా?"

"అన్నం తిన్నాక కడుపు నిండిందని ఎవరు గంట కొడతన్నారు? అయిపోతే అయిపోయింది. అరవక్కర్లేదు."

ఆయన మాటల్లో ఇలాంటివి వింటుంటే ముచ్చటేసేది. వాదించాలనిపించేది కాదు. గంట తీసేశాను. వలయం చివరికొచ్చి, సన్నబడి, తెర ఖాళీ అవుతుంది. చూస్తూ ఉంటే తప్ప తెలియదు. అదే అందం అనుకున్నాం ఇద్దరం.

చివరగా మిగిలింది చుక్క. హాల్లో ఉండే తెరకి కింద మూలన నేను ఒక చిన్న చుక్క పెట్టాను. బయటివాళ్ళకి నిజంగా అవసరం పడితే దాన్ని నొక్కుతారు, లోపలి ఫోను ఒక్కసారి వెలుగుతుంది. ఆయన దాన్ని చూశారు. వేలు పెట్టారు. ఈసారి నా దగ్గర జవాబు ఉంది.

"ఇంట్లోల్లకి అర్జెంటు పడితే ఎట్ల పిలుస్తరు మరి? జెర సోచాయించన్నా."

కాస్త ఆలోచించమని నేనంటే ఆయన చాలాసేపు నవ్వారు. "మా చిన్నమ్మ చేతికి చుక్క ఇచ్చావంటే అది చుక్క కాదు పాపా, కాలింగ్ బెల్లు. పిలవొచ్చని తెలిస్తే పిలుస్తారు. తీసెయ్."

నేనూ నవ్వాను. చిన్నమ్మ చుక్క నొక్కుతూ కూర్చోవడం కళ్ళకు కట్టింది మరి. తీసేశాం.

మొదటిసారి ఆ ఇంట్లోనే పెట్టి చూశాం. హాల్లో ఫోను ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు తీసి పక్కన పడేస్తున్నారని, అందరికీ కనబడేలా ఫ్రిజ్ మీద, ఊరగాయ జాడీకి ఆనించి నిలబెట్టాం. వలయం ఉన్నంతసేపు గది దగ్గరికి వెళ్ళొద్దని వదిన అందరికీ చెప్పింది. తను మిషన్ కూడా ఆపేసింది, చప్పుడు ఎందుకని. ఆయన లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి లాక్కున్నారు. నేను హాల్లో కూర్చున్నాను, ఏం జరుగుతుందో చూద్దామని.

చిన్నమ్మ అలవాటుగా లేచింది. తలుపు దాకా వెళ్ళింది. చెయ్యి ఎత్తింది. అప్పుడు ఫ్రిజ్ వైపు చూసింది. ఆ పెద్దావిడ ఎత్తిన చెయ్యి దించుకుని, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, పిల్లి నడిచినట్టు నడుచుకుంటూ వెనక్కి వచ్చి కూర్చుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. వలయం పూర్తయ్యాక ఆయన తలుపు తీశారు. మొహం వెలిగిపోతోంది. లోపల ఏం పని చేశావన్నా అని అడిగాను. ఏమీ చెయ్యలేదట. తలుపు వెనకాల నిలబడి, ఎవరైనా వస్తారేమోనని వింటూ ఉన్నారట. చిన్నమ్మ అడుగులు దగ్గరికొచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళిపోవడం విన్నారట.

"నిజంగానే రాలేదు పాపా" అన్నారు.

అది సంతోషంతో అన్నారనే అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట చెవిలో వేరేగా వినబడుతోంది. నా చెవే మారిపోయిందేమో.

ఆ తర్వాత ఆ ఇల్లు మారిపోయింది. వచ్చే పోయే బంధువులకి కాఫీ కంటే ముందు ఫ్రిజ్ మీది వలయం గురించి చెప్పేవారు. అందరికంటే ఎక్కువ పట్టింపు చిన్నమ్మకే. కొత్తగా వచ్చిన వాళ్ళు గట్టిగా మాట్లాడితే వేలు చూపించి కసిరేది. మా వాడు గడపలో ఉన్నాడు అనేది. వలయం తిరుగుతుంటే వదిన కాలు మిషన్ పెడల్ మీద ఆగిపోయేది, ఆ కాసేపూ చేతికుట్టు పని చూసుకునేది. యాప్‌ని జనం మెచ్చుకున్నారు. ఇంట్లో మొదటిసారి ప్రశాంతంగా ఉందని ఎక్కడెక్కడి నుంచో రాశారు. ఆయన ఆ మెయిళ్ళు చదివి, ఎవరో తిడతారన్నట్టు సిగ్గుపడి ఫోను బోర్లించేవారు.

ఆరోజు నేను మధ్యాహ్నం దాటాక వెళ్ళాను. బస్సులోంచి ఆయనకి మెసేజ్ పెట్టాను, పలకలేదు. గడపలో ఉన్నారనుకున్నాను. ఇంట్లోకి అడుగుపెడితే ఎప్పటిలాగే నిశ్శబ్దం. వదిన కింద కూర్చుని జాకెట్‌కి హుక్స్ కుడుతోంది. చిన్నమ్మ గోడకి ఆనుకుని కునుకు తీస్తోంది. వదిన నన్ను చూసి నవ్వి, మాట్లాడకుండా చేత్తోనే కూర్చోమంది. నేను కూర్చుని ఫ్రిజ్ వైపు చూశాను. తెర ఖాళీగా ఉంది.

వదినా, వలయం అయిపోయింది కదా అన్నాను. వదిన తల ఎత్తి చూసింది. అరె, ఎప్పుడైపోయిందో చూసుకోలేదే అంది. లేచి, టీ పెట్టడానికి గ్యాస్ వెలిగించి, ఏమండీ అని పిలిచింది. పిలిస్తే పలకకుండా ఉండడం ఆయనకి చేతకాదని చెప్పాను కదా. పలకలేదు.

తలుపు తోసింది నేనే. ఆయన తల బల్ల మీద పెట్టుకుని ఉన్నారు. గ్లాసు కింద పడి ఉంది. ఒలికిన టీ నేల మీద ఎండిపోయి, అంచులు నల్లగా అట్ట కట్టాయి. ఆ అంచులు చూశాకే నాకు అర్థమైంది, అది పడి చాలాసేపైందని. వెనకాల గ్యాస్ మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. దాన్ని ఎవరు ఆపారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, ఎంతసేపైంది ఇలా అయి అని. వదిన నా వైపు చూసింది. చిన్నమ్మా నా వైపే చూసింది. టైమర్ చేసిన మనిషిని నేను. నా చేతిలో ఆయన ఫోను ఉంది, దాన్లో మా యాప్ ఉంది. ఎంతసేపు కూర్చున్నారో అది చెప్పదు. ఎప్పుడు మొదలుపెట్టారో చెప్పదు, ఎప్పుడు అయిపోయిందో చెప్పదు. అవన్నీ వేలు పెట్టి మూసేసినవి. తెలియదండీ అన్నాను. ముందే తీసుకొస్తే బతికేవారా అని అడిగితే, గుండెపోటు కదమ్మా, చెప్పలేం అన్నారు డాక్టరు. వాళ్ళు చెప్పలేరు. మేమూ చెప్పలేం.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. ఎక్కడైనా ఏదైనా చెడిపోయి ఉంటే, ఏదో ఒక వైరు ఊడిపోయి ఉంటే, దాన్ని తిట్టుకుని ఊరుకునేదాన్నేమో. ఏదీ చెడిపోలేదు. ఆయన ఎలా కావాలనుకున్నారో యాప్ సరిగ్గా అలాగే పని చేసింది. ఎవరూ పిలవలేదు, ఏదీ అరవలేదు, అయిపోయింది. అదే నాకు మింగుడు పడటం లేదు.

అందుకే ఆ చుక్క మళ్ళీ పెట్టాను. ఎంత చిన్నదో అంత చిన్నదిగానే, కింద మూలనే. ఇప్పుడేటి తక్కువైంది అని ఇప్పుడు అడుగన్నా, చెప్తాను. అడగవు కదా.

చుక్క ఉన్న ఆ కొత్త యాప్ పూర్తయి కొన్నాళ్ళైనా బయటికి వదలడానికి మనసొప్పలేదు. ఆయన తీసిందాన్ని ఆయన లేనప్పుడు పెడుతున్నాను, వదినకి ఒక మాట చెప్పాలి కదా. కర్మలు అయ్యాక నేను ఆ ఇంటికి వెళ్ళలేదు, ఫోన్లోనే మాట్లాడుకునేవాళ్ళం. నిన్న ఆ మెయిల్ వచ్చాక ఇక ఆగలేక మధ్యాహ్నం బయల్దేరి వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. హాల్లో ఎవరి సంచులూ లేవు. చిన్నమ్మ ఆ ఇంట్లో ఉండలేనని ఊరెళ్ళిపోయిందని ముందే విన్నాను. మిషన్ మీద పాత చీర కప్పి ఉంది, దాని పక్కన కుట్టాల్సిన బట్టలు కవర్లలోనే పడి ఉన్నాయి. వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నోరు తెరవబోయిన నాకు పెదాల మీద వేలు పెట్టి చూపించింది.

ఫ్రిజ్ మీద వలయం తిరుగుతోంది.

సిగ్గులేని అలవాటు, చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, మాట్లాడకుండా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. గది తలుపు దగ్గరికి వేసి ఉంది. ఎవరున్నారు లోపల అన్నట్టు అటు చూశాను. ఆవిడే గుసగుసగా చెప్పింది. రోజూ అన్నం తిన్నాక లోపలికి వెళ్ళి, బల్ల మీద ఆయన ఫోన్లో వలయం గీసి, తలుపు దగ్గరికి లాగి వస్తుందట.

"అది తిరుగుతున్నంతసేపూ ఆయన లోపల ఉన్నట్టే ఉంటాదమ్మా."

మిషన్ తొక్కి ఎన్నాళ్ళైందని అడిగాను. తొక్కితే చప్పుడు కదా అంది. కుట్టుకి ఇచ్చినవాళ్ళు అడిగీ అడిగీ కొందరు బట్టలు తీసుకుపోయారట. సంపాదన సంగతి వదిలెయ్, నువ్వు ఏం తింటున్నావు వదినా అన్నాను. వలయం వైపే చూస్తోంది. నేనూ చూశాను. ఎంత అందంగా తరుగుతోందో. దాని గీత నునుపు కోసం మేమిద్దరం ఒక వానాకాలమంతా తగువు పడ్డాం.

ఆవిడే మళ్ళీ మాట్లాడింది. తల తిప్పకుండానే.

"ఆరోజు గ్లాసు పడింది కదా. చిన్నమ్మ లేచింది. ఓపాలి చూసొస్తానే, ఒంట్లో బాగోలేదేమో అంది. నేనే వేలు చూపించాను."

ఎటు చూపించిందో అడగనక్కర్లేదు. ఇప్పుడూ ఆవిడ చూపుడువేలు ఒళ్ళో కొద్దిగా లేచి, ఫ్రిజ్ వైపే ఉంది.

ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరితోనూ అనలేదట. చిన్నమ్మ కూడా ఎవరికీ చెప్పలేదట. ఒక్క మాట అనకుండా బట్టలు సర్దుకుని ఊరెళ్ళిపోయింది. వదినని దగ్గరికి తీసుకోవాలని కూడా తోచలేదు. చుక్క సంగతి చెప్పాలని వచ్చిన నేను, అది చూపిద్దామని తెచ్చిన ఫోను బ్యాగులోనే పెట్టుకుని రాయిలా కూర్చున్నాను. చుక్క ఉంటే ఆరోజు ఆవిడ నొక్కేదా? గ్లాసు పడితే గుడ్డ తలుపు వెనకాలే ఉందనే మనిషి. ఏమో.

వలయం ఇంకా చాలా ఉంది. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఈవిడ ఇలాగే గోడకి ఆనుకుని, దానికి అడ్డం రాకుండా, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంటుంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. లేచాను. గది దగ్గరికి నడిచాను. వెనకాల వదిన గాజులు గలగలమన్నాయి. తిరిగి చూస్తే చెయ్యి ఎత్తి ఉంది, వద్దని. కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది, నేనేదో గుడిలోకి చెప్పులతో వెళుతున్నట్టు.

తలుపు తోశాను. గట్టిగానే తోశాను, గోడకి కొట్టుకుంది.

"అన్నా, ఒంట్లో బాగలేదా?"

నా గొంతు ఆ ఖాళీ గదిలో నాకే భయం పుట్టించేలా మోగింది. కుర్చీ బల్ల కిందకి నెట్టి ఉంది. ఫోను స్టాండు మీద ఉంది, వలయం తిరుగుతోంది. పక్కన బల్ల అంచు మీద సొట్ట పడ్డ స్టీలు గ్లాసు ఉంది, వదిన పెట్టిందే. కాసేపు నిలబడ్డాను. ఎవరో పలుకుతారని కాదు, అడిగాక ఆగడం మర్యాద. తర్వాత చిన్నమ్మ అడిగినట్టే ఇంకోసారి అడిగాను. గ్లాసుని బల్ల మధ్యలోకి జరిపాను.

వదిన లేచి వచ్చి నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండుననుకున్నాను. వెనకాల కవరు విప్పుతున్న చప్పుడైంది. ముక్కాలి పీట జరిపిన చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు. ముందు ఒక్కసారి పట్టుకుని ఆగి, నూనె లేక కీచుమని, మళ్ళీ పట్టుకుని, మిషన్ మొదలైంది.

ఆవిడ ఆపకుండా తొక్కుతోంది. ఫ్రిజ్ మీద వలయం ఇంకా సగం కూడా తరగలేదు.